పాత క్యాంపర్‌వ్యాన్ కొంటున్నారా? ముందు కింద చూడండి!

వేసవి వచ్చిందంటే బ్రిటన్‌లో మన వాళ్ల మాటలన్నీ స్కాట్లండ్ వైపే. హోటల్ గదులకు పోసే డబ్బుతో నలుగురం కలిసి పాత క్యాంపర్‌వ్యాన్ కొనుక్కుంటే పోలా అనిపిస్తుంది. అందులోనే పడక, పొయ్యి. పప్పన్నం వండుకుంటూ ఊళ్లు తిరగొచ్చు. ఆలోచన మంచిదే. కానీ చవగ్గా వస్తోందని పదిహేను, ఇరవై ఏళ్లనాటి డీజిల్ బండి కొంటే, బేరంలో మిగిలిందంతా ఎంఓటీ తనిఖీ రోజున గ్యారేజీకి సమర్పించుకోవాల్సి రావచ్చు. డబ్బు సంగతి అటుంచితే, వెనక సీట్లో కూర్చునేది మన పిల్లలే. అందుకే నిర్మాణ పనుల్లో ఉన్న మేం మాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతున్నాం.

ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో బండికి మూడేళ్లు నిండాక ఏటా ఎంఓటీ తప్పదు. 2018 మే 20 నుంచి లోపాలను డేంజరస్, మేజర్, మైనర్ అని మూడు రకాలు చేశారు. మొదటి రెండింటిలో ఏ ఒక్కటున్నా ఫెయిలే. డేంజరస్ అని రాస్తే బాగుచేయించేదాకా బండి రోడ్డెక్కకూడదు.

తుప్పే అసలు శత్రువు

ఇక్కడ చలికాలంలో మంచు గడ్డకట్టకుండా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పు తగిలిన ఇనుము గతేమిటో మాకు రోజూ కనిపించేదే. స్లాబులో కడ్డీకి తుప్పు పడితే కాంక్రీటు పెచ్చులూడి ముందే చెబుతుంది. వ్యాన్ అలా చెప్పదు. అడుగున నల్లరంగు దట్టంగా పూసేస్తే లోపల చిల్లులున్నా తెలియవు. సీటు బెల్టు, స్టీరింగ్, సస్పెన్షన్, బ్రేకుల బిగింపుల చుట్టూ 30 సెంటీమీటర్ల లోపు ఇనుము బలం తగ్గేంతగా తుప్పు తింటే ఫెయిల్. అక్కడ పుట్టీ, ఫైబర్‌గ్లాస్‌తో అతుకులేస్తే ఒప్పుకోరు, గట్టి వెల్డింగ్ పడాల్సిందే. తలుపుల కింది అంచులు, చక్రాల పైవంపులు, జాకీ పెట్టే చోటు తప్పక చూడండి.

పొగ పరీక్ష

ఇంజిన్ వేడెక్కాక యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పొగ చిక్కదనం కొలుస్తారు. తయారీదారు వేరే అంకె ముద్రించకపోతే, 2008 జూలై 1కి ముందు రోడ్డెక్కిన టర్బో బండికి 3.0, టర్బో లేనిదానికి 2.5 దాటకూడదు. ఆ తర్వాతి పాత బండ్లకు 1.5. నెలల తరబడి ఇంటిముందు నిలబెట్టిన బండిలో మసి పేరుకుంటుంది. పరీక్షకు ముందు ఎయిర్ ఫిల్టర్ మార్చి, మోటార్‌వే మీద అరగంట నడపడం మంచిది. కంపెనీ బిగించిన పొగ వడపోత (డీపీఎఫ్) ఎవరైనా పీకేసి ఉంటే మాత్రం ఫెయిలే. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో అడగండి. అంత వేగంలో పాత బెల్టు తెగితే ఇంజిన్ పోయినట్టే.

నిలబడితేనే నష్టం

క్యాంపర్‌వ్యాన్ తిరిగేది తక్కువ, నిలబడేది ఎక్కువ. టైరు గాడి చూస్తే కొత్తదే, పక్కలు మాత్రం లోతుగా పగిలి ఉంటాయి. గాడి కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. టైరు మీది నాలుగంకెల్లో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 1209 అంటే 2009లో పన్నెండో వారం. బ్రేకులు పట్టేయడం, హ్యాండ్‌బ్రేక్ ఒకవైపే పట్టడం, బ్రేకు పైపుల తుప్పు కూడా మామూలే. మంచాలు, అలమరాలు, నీళ్ల ట్యాంకు బరువుకు స్ప్రింగులు, బుష్‌లు అరిగిపోతాయి. ఇక నంబర్ ప్లేటు బల్బు, అద్దం కడిగే నీళ్లు, అరిగిన వైపర్ లాంటి చిన్నవాటితోనూ ఫెయిలవుతారు. ముందురోజు పది నిమిషాలు కేటాయిస్తే ఇవన్నీ ఇంట్లోనే సరిచూసుకోవచ్చు.

పాసైతే చాలా?

చాలదు. తనిఖీ చేసేవారు చెక్క నేల, అలమరాలు ఊడదీయరు. ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్స్ ఎంత బాగున్నాయో పరీక్షించరు. వంట గ్యాస్ అసలు చూడరు. దానికి గ్యాస్ సేఫ్‌లో నమోదైన, ఇలాంటి బండ్ల పని తెలిసిన మనిషిని పిలవండి. పడుకునే చోట కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి. ఆ వాయువుకు వాసనే ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

కొనేముందు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో బండి నంబరు కొడితే పాత ఎంఓటీల చరిత్ర ఉచితంగా వస్తుంది. ఏయేటికాయేడు ‘అడుగున తుప్పు’ అని హెచ్చరిస్తూ వచ్చి, నిరుడు ఒక్కసారిగా ఆ మాట మాయమైతే వెల్డింగ్ బిల్లు అడగండి. చూపించకపోతే దాన్ని రంగుతో కప్పారేమోనని అనుమానించాల్సిందే. లండన్‌లో ఉండేవాళ్లకు ఇంకో లెక్క. 2023 ఆగస్టు 29 నుంచి నగరమంతా యూలెజ్ పరిధిలోకి వచ్చింది. యూరో 6 కాని డీజిల్ బండి తీస్తే రోజువారీ రుసుం కట్టాలి.

బండి మెరుపు చూసి అడ్వాన్స్ ఇవ్వకండి. పాత బట్టలేసుకుని, టార్చిలైటు పట్టుకుని, నేలమీద వెల్లకిలా పడుకుని కింద చూడండి. అమ్మేవాడు అందుకు ఒప్పుకోకపోతే ఆ బేరం అక్కడే వదిలేసి వచ్చేయండి.