బొమ్మ తెగితే తప్పు ఫైలుది కాదు

పాత ఆఫీసు కంప్యూటర్లో లినక్స్ ఎక్కించి, హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి తగిలించి, కోడీ అనే ప్లేయర్లో సినిమా పెట్టాను. మనుషులు కూర్చుని మాట్లాడుకున్నంతసేపూ ఏ లోపమూ కనబడలేదు. కెమెరా పక్కకి తిరిగే షాటు రాగానే ఇంటి గుమ్మం నడిమికి తెగింది. పై సగం ఒకచోట, కింది సగం రెండు వేళ్లు పక్కన, మధ్యలో అడ్డంగా సన్నని గీత. టేరింగ్ అనేది దీన్నే. తెలిసినవాళ్లని అడిగితే తలో సలహా ఇచ్చారు. వాటిలో చాలావరకు డబ్బు ఖర్చు పెట్టించేవి. అసలు జబ్బుని తాకేది ఒక్కటీ లేదు.

అపోహ: ఫైలు పాడైంది, ఇంకో కాపీ తెచ్చుకోవాలి.

తెగిన చోట పాజ్ నొక్కి చూడండి, గుమ్మం నిండుగా నిలబడి ఉంటుంది. స్క్రీన్‌షాట్‌లోనూ మామూలుగా గీత పడదు. అంటే ఫైలు బాగానే ఉంది. కంప్యూటరు టీవీకి బొమ్మని పైనుంచి కిందికి వరస తర్వాత వరసగా పంపుతుంది. 60 హెర్ట్జ్ టీవీకి ఈ పని సెకనుకి 60 సార్లు జరగాలి, అంటే ఒక్కో విడతకి సుమారు 16.7 మిల్లీసెకన్లు. సగం వరసలు వెళ్లాక ఫ్రేము మారిపోతే పైన పాత బొమ్మ, కింద కొత్త బొమ్మ మిగులుతాయి. గోడ మీద పాత పోస్టరు సగం ఉండగానే కొత్తది అంటించినట్టు. ఒక విడత ముగిసి ఇంకొకటి మొదలయ్యేలోపు చిన్న విరామం ఉంటుంది. ఫ్రేము అప్పుడే మారేలా చూసే కాపలాయే వీసింక్. ఆ కాపలా ఎవరు కాస్తున్నారో కనుక్కోవడమే మన పని.

అపోహ: ప్రాసెసర్ చాలడం లేదు, కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనాలి.

శక్తి చాలకపోతే ఫ్రేములు రాలిపోతాయి, బొమ్మ ఆగి ఆగి నడుస్తుంది. ఎంపీవీ ప్లేయర్లో ‘ఐ’ కీ నొక్కితే ఎన్ని ఫ్రేములు రాలాయో అంకెల్లో కనబడుతుంది. అక్కడ సున్నా ఉండి బొమ్మ తెగుతోందంటే కార్డు కోసం దాచిన డబ్బు దాచుకోండి. వీఏ-ఏపీఐతో డీకోడింగ్‌ని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగిస్తే ప్రాసెసర్ చల్లబడుతుంది, మంచిదే. గీత మాత్రం దానితో పోదు.

వైరు మార్చమన్నవాళ్లూ ఉన్నారు. చెడ్డ వైరైతే మెరుపు చుక్కలు పడతాయి, తెర నల్లబడి మళ్లీ వస్తుంది. అది వేరే బాధ.

అపోహ: సెట్టింగుల ఫైల్లో ‘టేర్‌ఫ్రీ’ లైను చేరిస్తే చాలు.

ఇది సగం నిజం కాబట్టే ఎక్కువ తిప్పలు పెడుతుంది. లినక్స్‌లో తెర మీద బొమ్మలు చూపించే ఎక్స్‌ఆర్గ్ సర్వర్‌లో ఇంటెల్ పాత డ్రైవరుకీ, ఏఎండీ డ్రైవరుకీ ఆ ఆప్షన్ ఉంది. ఏఎండీలో అయితే ఎక్స్‌రాండర్ కమాండుతో, మెషిన్ ఆపకుండానే ఆన్ చేయొచ్చు. కానీ చాలా లినక్స్‌లు ఇప్పుడు ఇంటెల్ చిప్‌లకి ‘మోడ్‌సెట్టింగ్’ అనే డ్రైవరునే వాడుతున్నాయి. ప్రస్తుతం విస్తృతంగా వాడుకలో ఉన్న ఎక్స్‌ఆర్గ్ 21.1 సర్వర్‌లో అది ఈ లైనుని పట్టించుకోదు. తెర మీద ఏ హెచ్చరికా రాదు. నేను రెండు సాయంత్రాలు ఆ లైను స్పెల్లింగే దిద్దుకుంటూ కూర్చున్నాను. చివరికి ఎక్స్‌ఆర్గ్ లాగ్ తెరిచి ‘టేర్‌ఫ్రీ’ అని వెతికితే, ఆ ఆప్షన్ వాడలేదని ఒక్క ముక్క రాసి ఉంది. మొదటి రోజే చూడాల్సింది.

అలాంటప్పుడు కాపలా కాయాల్సింది కాంపోజిటర్, అంటే విండోలన్నిటినీ ఒకే బొమ్మగా కలిపి తెరకి పంపే ప్రోగ్రాము. నా మెషిన్లో అదీ నడుస్తూనే ఉంది. సినిమా చిన్న విండోలో ఉన్నప్పుడు గుమ్మం చక్కగా ఉంది, ఫుల్‌స్క్రీన్ చేయగానే తెగింది. ఆ తేడాతోనే దొంగ దొరికాడు. తెర మొత్తం ఒకే ప్రోగ్రాము ఆక్రమిస్తే కొన్ని డెస్క్‌టాప్‌లు పని తగ్గించడానికి కాంపోజిటర్‌ని పక్కన పెడతాయి. ఎక్స్‌ఆర్గ్ మీద నడిచే కేడీఈ డెస్క్‌టాప్‌లో అలా పక్కన పెట్టే అనుమతికి ఒక టిక్కు ఉంటుంది, అది తీసేస్తే సరిపోయింది. ఎన్‌విడియా కార్డులకి వాళ్ల సొంత సెట్టింగుల్లో ‘ఫోర్స్ ఫుల్ కాంపోజిషన్ పైప్‌లైన్’ అని ఉంటుంది.

ఇవన్నీ కలిపి ఆన్ చేస్తే ఇంకా మంచిదనుకోకండి. ఒకే గుమ్మానికి ముగ్గురు కాపలావాళ్లుంటే లోపలికి వెళ్లేవాడికే ఆలస్యం. ఒక్కటి మార్చండి, అదే షాటు మళ్లీ వేసి చూడండి, తర్వాతే రెండోది.

అపోహ: లినక్స్ అంటే ఇంతే, టేరింగ్‌తో సర్దుకోవాలి.

2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ ఎక్స్‌ఆర్గ్‌కి బదులుగా వేలాండ్ మొదలుపెట్టినప్పుడే ప్రతి ఫ్రేమూ నిండుగా తెరకెక్కాలన్నది దాని లక్ష్యాల్లో ఒకటి. మీ డెస్క్‌టాప్‌లో వేలాండ్ సెషన్ ఉంటే ముందు అందులోకి లాగిన్ అయి చూడండి, పై తంటాల్లో చాలా వాటి అవసరమే రాకపోవచ్చు. మెషిన్ సినిమాలకే అయితే లిబ్రెఎలెక్ అనే లినక్స్ వేసుకోండి, అందులో కోడీ సాధారణంగా ఎక్స్‌ఆర్గ్ లేకుండానే నడుస్తుంది.

గీత పోయాక కూడా కెమెరా తిరిగినప్పుడు చిన్న కుదుపు కనబడితే అది టేరింగ్ కాదు. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, టీవీ 60 సార్లు గీస్తుంది. లెక్క కుదరక ఒక ఫ్రేము మూడుసార్లు, తర్వాతది రెండుసార్లు పడుతుంది. కోడీలో డిస్‌ప్లే రిఫ్రెష్ రేటును వీడియోకి తగ్గట్టు మార్చే సెట్టింగు ఆన్ చేయండి, టీవీ 24 హెర్ట్జ్‌ని అందుకుంటే కుదుపు పోతుంది. ఇక పాత డీవీడీల్లో కదిలే మనిషి అంచున దువ్వెన పళ్లలా గీతలు కనబడతాయే, అవి ఇంటర్‌లేస్ గీతలు. వాటికి ఎంపీవీలో ‘డీ’ కీ నొక్కండి.