చేపలూ, చేపలు కానివీ

తెల్లవారుజామున వేట ముగించుకొని పడవలు ఒడ్డుకు చేరే వేళ మీరెప్పుడైనా సముద్రతీరానికి వెళ్లారా? పూరీ తీరమైనా, చెన్నైలోని కాశిమేడు రేవైనా, ముంబయి రేవైనా కనిపించే దృశ్యం ఒక్కటే. వల దులపగానే వెండి కుప్పలా చేపలు జారిపడతాయి. కవళ్లు, కానాగంతలు, చందువాలు, వంజరాలు మెరుస్తుంటాయి. వాటి నడుమ రొయ్యలు, పీతలు, ఒక చిన్న సొర, విసనకర్రలాంటి టేకు చేప, జిగటగా ఒక జెల్లీచేప కూడా ఉంటాయి. అన్నీ ఒకే వలలో పడ్డాయి. అన్నీ ఒకే నీటిలో బతికాయి. మరి అన్నీ చేపలేనా?

పేరును బట్టి చెబుదామంటే పొరపాటు పడతాం. జెల్లీచేప, నక్షత్రచేప పేర్లలో ‘చేప’ ఉంది. కాని అవి చేపలు కావు. సముద్రగుర్రం పేరులో చేప లేదు. కాని అది చేపే! నీటిలో ఈదడాన్ని బట్టి చెబుదామన్నా కుదరదు. తిమింగలం ఈదుతుంది, తాబేలు ఈదుతుంది. అందుచేత మనం పైరూపాన్ని వదిలి శరీర నిర్మాణాన్ని పరిశీలించాలి.

మొదటి ప్రశ్న: దానికి వెన్నెముక ఉందా? జెల్లీచేపకు లేదు. దాని శరీరంలో చాలా భాగం నీరే. రొయ్యకు, పీతకు లోపల ఎముకలు లేవు. వాటి శరీరాన్ని కాపాడేది పైనున్న గట్టి పెంకు. నత్త, ఆల్చిప్ప, ఆక్టోపస్ ఒకే వర్గానికి చెందినవి. వాటికీ వెన్నెముక లేదు. తీరంలో తెల్లగా, తేలికగా, సుద్దముక్కలాంటి ‘సముద్రపు నురుగు’ దొరుకుతుంది. కొందరు దాన్ని ఏదో చేప ఎముక అనుకుంటారు. నిజానికి అది ఆక్టోపస్‌కు దగ్గరి బంధువైన ఒక జీవి శరీరం లోపల ఉండే పెంకు. వీటన్నిటినీ అకశేరుకాలు అంటారు. ఇవి చేపలు కావు.

రెండవ ప్రశ్న: అది ఎలా ఊపిరి పీలుస్తుంది? తిమింగలానికి, డాల్ఫిన్‌కు వెన్నెముక ఉంది. కాని వాటికి మొప్పలు లేవు, ఊపిరితిత్తులు ఉన్నాయి. గాలి కోసం అవి నీటి పైకి రాక తప్పదు. అవి పిల్లల్ని కని పాలిస్తాయి. కాబట్టి అవి మనలాగే క్షీరదాలు. తోకను చూసి కూడా వాటిని గుర్తుపట్టవచ్చు. చేప తోక నిలువుగా ఉండి పక్కలకు ఊగుతుంది. తిమింగలం తోక అడ్డంగా ఉండి పైకీ కిందికీ ఊగుతుంది. సముద్రపు తాబేలు కూడా ఊపిరితిత్తులతోనే గాలి పీలుస్తుంది. అది సరీసృపం. చేపలైతే జీవితాంతం మొప్పలతో నీటిలో కరిగిన ప్రాణవాయువును గ్రహిస్తాయి.

ఇక మిగిలినవి సొర, టేకు, కవళ్లు, వంజరం, చందువా. ఇవన్నీ చేపలే. అయితే వీటిలోనూ రెండు తెగలున్నాయి. ఈ సంగతి మన వంటింట్లోనే తెలుస్తుంది. కవళ్లు తినేటప్పుడు “ముల్లు జాగ్రత్త!” అని పెద్దలు హెచ్చరిస్తారు. సొరపిట్టు తినేటప్పుడు అలా అనరు. ఎందుకని? సొర అస్థిపంజరం ఎముకతో తయారైంది కాదు. అది మెత్తగా వంగే మృదులాస్థి. మీ చెవిడొప్పను వంచి చూడండి. అందులో ఉన్నదీ అలాంటిదే. సొరలు, టేకులు మృదులాస్థి చేపలు. ముళ్లున్న తక్కినవి అస్థి చేపలు. ప్రపంచంలో మృదులాస్థి చేపలు సుమారు 1,200 జాతులకు పైగా ఉండగా, అస్థి చేపలు 30,000 జాతులకు పైగా ఉన్నాయి.

ఎముక ఒక్కటే కాదు, మరికొన్ని తేడాలు కూడా ఉన్నాయి. అస్థి చేపకు తలకు రెండు వైపులా మొప్పల మీద గట్టి మూత ఉంటుంది. ఈ మూతను, నోటిని కదిలిస్తూ అది నిలిచినచోటనే మొప్పల మీదుగా నీటిని పారించుకోగలదు. సొరకు అలాంటి మూత లేదు. మెడ పక్కన ఐదు నుంచి ఏడు చీలికలు వరుసగా బయటికే కనిపిస్తాయి. అస్థి చేప పొలుసులు ఇంటికప్పు పెంకుల్లా ఒకదానిపై ఒకటి పేర్చినట్లు ఉంటాయి. సొర చర్మం మీద పంటిని పోలిన సన్నని పొలుసులు ఉంటాయి. తోక నుంచి తల వైపు నిమిరితే గరుకు కాగితంలా తగులుతుంది.

‘చేపపిల్లకు ఈత నేర్పాలా?’ అని సామెత. నిజమే. కాని ఈదకుండా నీటి మధ్య నిలిచి ఉండడం ఎలా? అద్దాల తొట్టిలో చేప కదలకుండా తేలుతూ ఉండడం మీరు చూసే ఉంటారు. శీలావతి వంటి చేపను కోసినప్పుడు కడుపులో తెల్లని బుడగలాంటి తిత్తి కనిపిస్తుంది. అదే వాతాశయం. దానిలోని గాలిని పెంచుకొంటూ తగ్గించుకొంటూ చేప తనకు కావలసిన లోతులో నిలుస్తుంది. చాలా అస్థి చేపలకు ఈ ఏర్పాటు ఉంది. సొరకు వాతాశయం లేదు. నూనెతో నిండిన పెద్ద కాలేయం దానికి కొంత తేలికదనాన్ని ఇస్తుంది. అయినా ఈదడం ఆపితే మెల్లగా కిందికి దిగిపోతుంది.

ఉప్పునీటిలో బతకడంలోనూ తేడా ఉంది. సముద్రంలోని అస్థి చేప ఒంట్లోంచి నీరు నిరంతరం బయటికి పోతూ ఉంటుంది. అందుకే అది సముద్రపు నీటిని తాగి, ఎక్కువైన ఉప్పును మొప్పల ద్వారా విసర్జిస్తుంది. సొర తన రక్తంలో యూరియాను నిలవ ఉంచుకొని నీరు పోకుండా చూసుకొంటుంది. సొర చచ్చిన తరువాత ఈ యూరియా విరిగి అమ్మోనియా అవుతుంది. నిలవున్న సొర మాంసానికి ఘాటైన వాసన రావడానికి కారణం ఇదే.

గోదావరి తీరాన ఉన్న యానాం పిల్లలకు పులస గురించి చెప్పనక్కరలేదు. ‘పుస్తెలమ్మైనా పులస తినాలి’ అనే సామెతకెక్కిన ఈ అస్థి చేప సముద్రంలో పెరుగుతుంది. వానకాలంలో ఎర్రనీరు రాగానే గుడ్లు పెట్టడానికి గోదావరిలోకి ఎదురీదుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దాని దారికి అడ్డు. ఉప్పునీటి నుంచి మంచినీటికి వచ్చినప్పుడు దాని శరీరం పనితీరునే మార్చుకొంటుంది. అంతవరకు ఉప్పును బయటికి పంపిన మొప్పలు ఇప్పుడు నీటిలోని కొద్దిపాటి లవణాలను లోపలికి తీసుకొంటాయి.

ఇన్ని తేడాలు తెలుసుకోవడం పరీక్షల కోసమేనా? కాదు. వలలో చిక్కిన చేప నీటిలో ఉన్నంతసేపు ఊపిరి పీల్చగలదు. కాని తాబేలు, డాల్ఫిన్ పైకి రాలేక నీటిలోనే ఊపిరాడక చనిపోతాయి. ఒడిశాలోని గహిర్మథ, రుషికుల్య తీరాలకు గుడ్లు పెట్టడానికి వేలాదిగా వచ్చే తాబేళ్లకు ఇదే పెద్ద ప్రమాదం. తాబేలు బయటపడే దారి ఉన్న వలలను తయారుచేసింది ఈ తేడా తెలిసినవారే.

సంతానంలోనూ తేడా ఉంది. అస్థి చేపలలో చాలా జాతులు ఒక్కసారే వేలు, లక్షల గుడ్లు పెడతాయి. వాటికి గుడ్లు పెట్టే వ్యవధి ఇస్తే చాలు, తిరిగి పెరుగుతాయి. అందుకే 2015 నుంచి తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 వరకు మరబోట్ల వేటను ఆపుతున్నారు. సొరల విషయం వేరు. అవి ఆలస్యంగా ఎదుగుతాయి. చాలా జాతులు కొద్ది పిల్లల్నే కంటాయి. వాటిని విచ్చలవిడిగా పడితే మళ్లీ పెరగడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది. చేపలన్నిటిలోకి పెద్దదైన తిమింగల సొరను పట్టడాన్ని మన దేశంలో 2001లో నిషేధించారు. గుజరాత్ తీరంలో మత్స్యకారులు విలువైన తమ వలలను తామే కోసి, అందులో చిక్కిన ఈ సొరలను సముద్రంలోకి వదులుతున్నారు.

చూశారా! ఒకే వలలో పడినా వాటి ఊపిరి వేరు, ఎముక వేరు, సంతానం వేరు. వలలో పడిన జీవి ఏదో తెలిసినవాడికే దేన్ని తీసుకోవాలో, దేన్ని వదిలిపెట్టాలో తెలుస్తుంది. ఈసారి చేపల బజారుకు వెళ్లినప్పుడు గంపలోకి ఒకసారి తొంగిచూడండి. మొప్పలకు మూత ఉందా? పొలుసు ఎలా ఉంది? తోక ఎటు తిరిగి ఉంది? మీరే చూసి, ఇంటికి వచ్చి రాసుకోండి.