బంగారం కోసం తవ్విన లోతులో న్యూట్రినో

నంద్యాల, ఆళ్లగడ్డల నడుమ ఉన్న శిరివెళ్లలో పొలం గట్టున నిలబడి అరచెయ్యి చాపితే, ఆ చేతిలోంచి సెకనుకు సుమారు ఒక మ్యూయాన్ దూసుకుపోతుంది. పగలైనా రాత్రయినా, మబ్బు పట్టినా పట్టకపోయినా దాని రాకలో పెద్ద తేడా ఉండదు. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాలు వాతావరణం పైపొరల్లో గాలి అణువులను ఢీకొన్నప్పుడు పుట్టే కణం అది. దానితోపాటే న్యూట్రినోలూ పుడతాయి. మ్యూయాన్‌ను ఒక చిన్న పెట్టెతో లెక్కపెట్టవచ్చు. న్యూట్రినో అలా చిక్కదు, భూమిని ఈ చివరి నుంచి ఆ చివరికి దాటిపోతుంది. ఒక్క సూర్యుడి నుంచే ప్రతి చదరపు సెంటీమీటరుకు సెకనుకు 6,000 కోట్లకు పైగా న్యూట్రినోలు వస్తున్నాయి, మనకు తెలియకుండానే పోతున్నాయి.

వాతావరణంలో పుట్టే ఈ న్యూట్రినోల జాడను ప్రపంచంలో మొదట ప్రకటించిన చోటు మనకు దూరమేమీ కాదు. నంద్యాల నుంచి కడప, రాయచోటి, చిత్తూరు మీదుగా కుప్పం దిక్కుకు సాగి సరిహద్దు దాటితే కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ వస్తుంది. అందరూ పిలిచే పేరు కేజీఎఫ్. కర్ణాటకలో ఉన్నా అక్కడి వీధుల్లో తమిళం, కన్నడంతోపాటు తెలుగూ వినిపిస్తుంది. చుట్టుపక్కల పల్లెల్లో ఎన్నో ఇళ్ల భాష తెలుగే. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ గనులను చేపట్టాక చిత్తూరు, ఉత్తర ఆర్కాడు ప్రాంతాల నుంచి వేలమంది కూలీలు అక్కడికి చేరారు. వాళ్ల పలుగులూ డ్రిల్లులూ బంగారం వెంట కిందికి దిగుతూ దిగుతూ ఛాంపియన్ రీఫ్ గనిని 3,200 మీటర్ల లోతుకు తీసుకెళ్లాయి. ఆ అడుగున రాయి వేడి 60 డిగ్రీలు దాటేది. చల్లగాలిని యంత్రాలతో కిందికి పంపితే తప్ప మనిషి పనిచేయలేడు. ఒత్తిడికి రాళ్లు ఉన్నట్టుండి పేలి మనుషులను పొట్టనబెట్టుకునేవి.

ఈ గనిని శాస్త్రపరిశోధన కంటితో చూసినవాడు హోమీ భాభా. నేల లోపలికి దిగే కొద్దీ మ్యూయాన్ల సంఖ్య ఎలా తగ్గుతుందో కొలవమని 1950ల మొదట్లో టాటా ఇన్‌స్టిట్యూట్ నుంచి యువకుడు బి.వి. శ్రీకంఠన్‌ను పంపాడు. ఆ తర్వాత ఎస్. నారణన్, పి.వి. రమణమూర్తి, వి.ఎస్. నరసింహం, ఎం.జి.కె. మీనన్ ఆ పనిలో చేరారు. కార్మికులు దిగే కేజ్‌లోనే పరికరాలూ దిగేవి. ఒక్కో లెవెల్‌లో కౌంటర్లు పెట్టి లెక్కపెట్టేవారు.

అసలు మలుపు 1960ల ఆరంభంలో వచ్చింది. జపాన్‌కు చెందిన ఎస్. మియాకె, నరసింహం, రమణమూర్తి కలిసి 2,700 మీటర్లకు మించిన లోతులో పరికరాన్ని ఉంచారు. రెండు నెలలు చూశారు. ఒక్క మ్యూయాన్ కూడా నమోదు కాలేదు. కొలవడానికి వెళ్లి సున్నాతో తిరిగి వస్తే ఎవరికైనా నీరసం రావాలి. వీళ్లకు మాత్రం ఆ సున్నాలోనే దారి కనిపించింది. పైనుంచి వచ్చే మ్యూయాన్లు ఇంతగా ఆగిపోయే చోట ఏదైనా కణం కనిపించిందంటే, ముఖ్యంగా అది అడ్డంగా వచ్చిందంటే, దాన్ని పుట్టించింది న్యూట్రినోయే అయి ఉండాలి. అడ్డంగా రావాలంటే ఎన్నో కిలోమీటర్ల రాయిని దాటాలి. మామూలు మ్యూయాన్‌కు అది సాధ్యం కాదు. న్యూట్రినో అయితే అంత రాయినీ దాటి వచ్చి, పరికరానికి దగ్గరలోని రాతిలో ఢీకొని మ్యూయాన్‌ను పుట్టించగలదు.

టాటా ఇన్‌స్టిట్యూట్‌కు జపాన్‌లోని ఒసాకా సిటీ యూనివర్సిటీ, ఇంగ్లండ్‌లోని డర్హమ్ యూనివర్సిటీ తోడయ్యాయి. 2,300 మీటర్ల లోతున ప్లాస్టిక్ సింటిలేటర్లతో రెండు గోడలు నిలిపి, వాటి మధ్య నియాన్ ఫ్లాష్ ట్యూబులు పేర్చారు. కణం వెళ్లిన దారిలో ట్యూబులు వెలిగితే ఆ గీతే సాక్ష్యం. 1965 వసంతంలో తొలి గుర్తులు దొరికాయి. ఆ పత్రం 1965 జులై 12న ఫిజిక్స్ లెటర్స్ పత్రికకు అందింది, ఆగస్టు 15న అచ్చయింది. అదే కాలంలో దక్షిణాఫ్రికా బంగారు గనిలో ఫ్రెడరిక్ రైన్స్ బృందం కూడా ఇదే వేటలో ఉంది. వాళ్లకు తొలి గుర్తు ఆ ఫిబ్రవరిలోనే చిక్కింది గానీ, పత్రం పంపడంలో మనవాళ్లు రెండు వారాలు ముందున్నారు. ఎవరు ముందన్న వాదన నాకు అంత ముఖ్యంగా తోచదు. రెండు ఖండాల్లో రెండు బంగారు గనులు ఒకే ఏడాది ఒకే మాట చెప్పాయి. భౌతికశాస్త్రానికి అంతకన్నా కావలసిందేముంది? మన పిల్లల పుస్తకాల్లో ఈ సంగతి కనిపించకపోవడమే నన్ను బాధపెడుతుంది.

ప్రపంచ విశ్వకిరణ శాస్త్రవేత్తలు రెండేళ్లకోసారి కలుసుకునే అంతర్జాతీయ సమావేశం భారత్‌లో మూడుసార్లు జరిగింది: 1963లో జైపూర్, 1983లో బెంగళూరు, 2005లో పుణె. బెంగళూరులో సభ జరిగేనాటికి వంద కిలోమీటర్ల దూరంలోని కేజీఎఫ్‌లో 140 టన్నుల ఇనుప పరికరం ప్రోటాన్ ఎప్పటికైనా నశిస్తుందా అని కాపు కాస్తోంది. నశించినట్టు అనిపించే కొన్ని గుర్తులను అక్కడి బృందం ప్రకటించింది, వేరే దేశాల ప్రయోగాలు వాటిని బలపరచలేదు. 1975లో వెలువడిన ‘కోలార్ ఈవెంట్లు’ అనే వింత జాడలకు కూడా అందరూ ఒప్పుకున్న వివరణ ఇంతవరకూ రాలేదు. ఇవి ఓటములని నేను అనను. అంత లోతున ఏళ్ల తరబడి కూర్చుని, కనిపించింది కనిపించినట్టు చెప్పి, ఇతరులను పరీక్షించమనడమే శాస్త్రం.

ఈ సభల్లో విశ్వకిరణాలవాళ్లూ న్యూట్రినోలవాళ్లూ ఒకే గదిలో ఎందుకు కూర్చుంటారంటే, రెండింటి మూలం ఒకటే. 1991లో అమెరికాలోని యూటాలో కనిపించిన ఒకే ఒక్క కణంలో గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్రికెట్ బంతికి ఉండేంత శక్తి ఉంది. ఇలాంటివి చదరపు కిలోమీటరుకు వందేళ్లకు ఒకటి కూడా పడవు. అందుకే అర్జెంటీనాలోని పియర్ ఓజే అబ్జర్వేటరీ 3,000 చదరపు కిలోమీటర్లలో, అంటే మన నంద్యాల జిల్లాలో దాదాపు మూడో వంతు నేలపై, డిటెక్టర్లు పరిచింది. విద్యుదావేశం ఉన్న కణం దారిలోని అయస్కాంత క్షేత్రాలకు వంగిపోతుంది, పుట్టిన ఊరు చెప్పదు. న్యూట్రినో వంగదు. అందుకే దక్షిణ ధ్రువంలో ఘన కిలోమీటరు మంచులో ఐస్‌క్యూబ్, మధ్యధరా సముద్రం అడుగున కేఎం3నెట్ వచ్చాయి. 2023 ఫిబ్రవరి 13న కేఎం3నెట్‌కు చిక్కిన న్యూట్రినో శక్తి దాదాపు 220 పెటా ఎలక్ట్రాన్ వోల్టులని అంచనా. అంతకుముందు అంత శక్తిమంతమైన న్యూట్రినోను ఎవరూ చూడలేదు.

వాతావరణ న్యూట్రినోలను లోతుగా చదివి, అవి దారిలో రూపం మార్చుకుంటాయని 1998లో తేల్చింది జపాన్‌లోని సూపర్ కమియోకండే. దానికి తకాకి కజితకు 2015లో నోబెల్ వచ్చింది. ఆ దారికి మొదటి మెట్టు కట్టిన కేజీఎఫ్ ప్రయోగశాల మాత్రం 1990ల మొదట్లోనే మూతపడింది. 2001 ఫిబ్రవరి 28న గనులూ మూతపడ్డాయి. నీటిని తోడే పంపులు ఆగాయి, సొరంగాలు మునిగిపోయాయి. బంగారం గిట్టుబాటు అయినన్నాళ్లే గాలి, కరెంటు, కేజ్ ఉన్నాయి, వాటి నీడలో పరిశోధన బతికింది. ఆ ప్రయోగశాలను దేశం విడిగా ఎత్తిపట్టి ఉండాల్సింది. కొత్త భూగర్భ అబ్జర్వేటరీ కోసం తమిళనాడులోని తేనిని ఎంచుకుంటే, అది ఏళ్లుగా వివాదాల్లో చిక్కుకుంది.

ఇవాళ కేజీఎఫ్‌లో సైనైడ్ దిబ్బలు, తుప్పుపట్టిన షాఫ్టు గోపురాలు కనిపిస్తాయి. మారికుప్పం రైలెక్కి వేలమంది రోజూ బెంగళూరుకు పనికి పోతుంటారు. వాళ్లలో చాలామంది తాతలు ఆ గనిలో దిగినవాళ్లే. 1965 నాటి పరిశోధన పత్రంపై భారత్, జపాన్, బ్రిటన్‌లకు చెందిన పదకొండు మంది పేర్లున్నాయి. వాళ్లకు 2,300 మీటర్ల లోతున గది తొలిచి ఇచ్చిన కార్మికుల పేర్లు ఎక్కడా లేవు. కేజీఎఫ్‌లోని రాబర్ట్‌సన్‌పేటలో తెలుగు, తమిళం, కన్నడంలో ఒక శిలాఫలకం పెట్టి ఆ సంగతి రాస్తే బాగుంటుంది. కుప్పం, పలమనేరు బడిపిల్లలను అక్కడికి తీసుకెళ్లాలి. నంద్యాల నుంచీ తీసుకెళ్లాలి.

కేజీఎఫ్‌లో ప్రోటాన్ కోసం వాడిన గొట్టాల్లాంటి కౌంటర్లు వృథా పోలేదు. వాటిని ఊటీకి తరలించి గ్రేప్స్-3 అనే విశ్వకిరణ ప్రయోగంలో మ్యూయాన్ టెలిస్కోపుగా అమర్చారు. 2014 డిసెంబర్ 1న ఊటీ మీదుగా పోయిన ఉరుముల మేఘంలో 130 కోట్ల వోల్టుల విద్యుత్ పొటెన్షియల్ ఉందని వాటి లెక్కలతోనే తేలింది.