కొండ మెట్లు.. కాలువ గట్లు.. విద్యార్థుల గీతలు
వాడల సమస్యలే పాఠ్యాంశంగా ఆర్కిటెక్చర్ ప్రాజెక్టులు

విజయవాడ: ఆర్కిటెక్చర్ చదువు అనగానే ఇంటి ప్లాను గీయడం, ముఖభాగానికి సొగసులు అద్దడమే చాలామందికి గుర్తుకు వస్తాయి. ఐదేళ్ల బీఆర్క్ కోర్సులో అది కొంత భాగం మాత్రమే. ఒక వాడనో, కాలువ గట్టునో, సంతనో తీసుకుని, అక్కడ బతుకుతున్నవారికి అనువుగా దాన్ని ఎలా తీర్చిదిద్దవచ్చో అధ్యయనం చేయడం కూడా ఈ చదువులో భాగమే. నగరంలో కేంద్ర ప్రభుత్వం 2008లో నెలకొల్పిన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. 2014 నాటి చట్టంతో దానికి జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ హోదా లభించింది. ఇటువంటి చదువుకు విజయవాడను మించిన ప్రయోగశాల దొరకడం కష్టం. ఒకవైపు కృష్ణా నది, ఊరి నడుమ ఏలూరు, బందరు, రైవస్ కాలువలు, మరోవైపు బుడమేరు, వీటి మధ్య కొండలు. చదునైన నేల తక్కువ, జనం ఎక్కువ.

మెట్టుతో మొదలు

కొండ ప్రాంతాన్ని ప్రాజెక్టుగా ఎంచుకున్న విద్యార్థి మొదట చేయవలసింది కొత్త భవనం గీయడం కాదు, ఉన్నదాన్ని కొలవడం. నివాస గృహాలలో మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లు మించరాదని జాతీయ భవన నిర్మాణ స్మృతి చెబుతోంది. బండ వాటాన్ని బట్టి, చేతిలో ఉన్న డబ్బును బట్టి కట్టుకున్న కొండ మెట్లకు ఆ లెక్క తెలియదు. నీళ్ల బిందెతో, గ్యాస్ సిలిండరుతో, నడవలేని వృద్ధులతో ఎక్కి దిగేవారికి ఇది రోజూ అనుభవమే అయినా, కాగితం మీదకు రానంతవరకు అధికారుల దృష్టికి రాదు. అందుకే కొండను నిలువునా కోసినట్లు చూపే ‘సెక్షన్’ చిత్రం ఇక్కడ ప్లాను కంటే ముఖ్యం. వాననీరు ఎటు దిగుతుంది, ఎవరి గోడ ఎవరి పునాదికి ఆధారం, ఏ ఇంటి నెత్తిన వదులు బండ ఉంది అన్నవన్నీ అందులోనే తేలతాయి.

ఉదయం కుళాయి దగ్గర, మధ్యాహ్నం చెట్టు నీడన, సాయంత్రం అరుగులపైన ఎంతమంది చేరుతున్నారో గుర్తించే పటం మరొకటి. మెట్ల మలుపులో మిగిలిన నాలుగడుగుల జాగా పిల్లలకు ఆటస్థలం, ఆడవారు కూరగాయలు తరుగుకునే చోటు. దారి వెడల్పు పేరిట ఆ జాగాను మింగేసే నమూనా ఎంత అందంగా ఉన్నా మార్కులకు అర్హం కాదు.

వరద నేర్పిన లెక్క

2024 ఆగస్టు 31న కుండపోత వానకు మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్లపై విరిగిపడి ప్రాణనష్టం జరిగింది. మరునాటి నుంచి బుడమేరు నీరు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట తదితర ప్రాంతాలను రోజుల తరబడి ముంచింది. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణమ్మ 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహంతో పరవళ్లు తొక్కింది. వెలగలేరు నుంచి మళ్లింపు కాలువ ద్వారా బుడమేరు నీరు చేరవలసింది కృష్ణలోకే. నదే నిండుగా ఉన్నప్పుడు ఆ నీటికి దారి మూసుకుపోతుంది. ఆ కాలువకు గండ్లు పడి ఊరు మునిగింది.

‘సుస్థిర నిర్మాణం’ అంటే సౌర ఫలకాలు, పచ్చని గోడలు అనుకునేవారికి ఆ వరద గట్టి పాఠమే చెప్పింది. బుడమేరు పక్క వాడకు నమూనా గీసేవారు ముందుగా తేల్చవలసినవి వేరు. నీరు వస్తే మంచం ఎక్కడ పెడతారు? బియ్యం డబ్బా ఎక్కడ? కరెంటు మీటరు ఎంత ఎత్తున ఉండాలి? ఇరవై ఇళ్లకు కలిపి స్తంభాలపై ఒక ఉమ్మడి అంతస్తు కడితే మామూలు రోజుల్లో అది అంగన్‌వాడీకి, పొదుపు సంఘాల సమావేశాలకు పనికొస్తుంది, వరదనాడు ఆశ్రయమవుతుంది. ఒక్కో కుటుంబం విడిగా భరించలేని రక్షణను వాడంతా కలిసి సమకూర్చుకోవడమన్నమాట.

ఖర్చు తగ్గించే దారులూ ఉన్నాయి. కేరళలో స్థిరపడిన వాస్తుశిల్పి లారీ బేకర్ (1917-2007) ప్రచారంలోకి తెచ్చిన ‘ర్యాట్ ట్రాప్’ కట్టుబడిలో ఇటుకలను అంచుపై నిలబెట్టి నడుమ ఖాళీ వదులుతారు. దాదాపు నాలుగో వంతు ఇటుకలు ఆదా అవుతాయి. లోపలి గాలి పొర ఎండ వేడిని అడ్డుకుంటుంది. అయితే నీరు చేరే ఎత్తు వరకు గోడను ఖాళీ లేకుండా కట్టడమే క్షేమం. కేరళలో నప్పిందల్లా సింగ్‌నగర్‌లో యథాతథంగా నప్పదు.

గీసినవారే కడితే..

అమెరికాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయం ఈ విషయంలో మరో అడుగు ముందుకు వేసింది. శామ్యూల్ మాక్‌బీ, డి.కె.రూత్ అనే ఆచార్యులు 1993లో అలబామా రాష్ట్రంలోని పేద ప్రాంతమైన హేల్ కౌంటీలో ‘రూరల్ స్టూడియో’ ప్రారంభించారు. విద్యార్థులు అక్కడే నివసించి, గీసినదాన్ని స్వయంగా కడతారు. ఇళ్లతోపాటు అగ్నిమాపక కేంద్రం, గ్రంథాలయం, పార్కు వారి చేతుల మీదుగా రూపుదిద్దుకున్నాయి. 2005లో 20 వేల డాలర్లకే ఇల్లు అనే లక్ష్యం పెట్టుకున్నారు. సామాజిక భద్రతా పింఛనుతో బతికేవారు తీర్చగల అప్పును లెక్కగట్టి ఆ మొత్తం నిర్ణయించారు. చవకగా కట్టినంత మాత్రాన పని పూర్తికాలేదు. బ్యాంకు రుణం, బీమా, అనుమతుల చిక్కులపైనా స్టూడియో దృష్టి పెట్టవలసి వచ్చింది.

మన వద్ద విద్యార్థి ప్రాజెక్టు చాలావరకు జ్యూరీ ముందు ప్రదర్శనతోనే ముగుస్తుంది. సెమిస్టరు అయిపోగానే విద్యార్థులు వెళ్లిపోతారు. ప్రశ్నలకు ఓపికగా బదులిచ్చినవారు అక్కడే ఉంటారు. పైగా ‘మీకేం కావాలి’ అని కొండవాలు ఇల్లాలిని అడిగితే ముందు వచ్చే మాట అరుగు, నీడ కాదు, పట్టా. అది ఏ ఆర్కిటెక్టు గీతకూ లొంగేది కాదు. కొండ దిగి దూరపు కాలనీకి వెళ్లమంటే ఇళ్లలో పనికి వెళ్లే మహిళకు ఆటో చార్జీల కిందే కూలిలో ఎంత పోతుందో మాత్రం విద్యార్థులు లెక్కగట్టి చూపగలరు. తరలించాలా, ఉన్నచోటే భద్రత కల్పించాలా అనే చర్చలో ఆ లెక్కకు విలువ ఉంది.

కొలతల చిత్రాలూ అంతే. కళాశాల బీరువాలో కాక నగరపాలక సంస్థ కార్యాలయంలో వాటి ప్రతి ఒకటి ఉంటే, రక్షణ గోడ ఎక్కడ కట్టాలో తేల్చే రోజున ఇంజినీరు మళ్లీ మొదటి మెట్టు నుంచి కొలవనక్కర్లేదు.