కంప్యూటరు చదువుతోందా.. ముగించిందా?

చూపు లేనివారు కంప్యూటరును చెవితోనే వాడతారు. తెరపై అక్షరాలను స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేర్ పైకి చదివి వినిపిస్తుంది. ఆస్ట్రేలియాకు చెందిన అంధుడు మైకేల్ కరన్ 2006లో ప్రారంభించగా, మరో అంధుడు జేమ్స్ టే తోడై తీర్చిదిద్దిన ఎన్‌వీడీఏ ఇలాంటిదే. ఇది ఉచితం. ఇందులోని ఈస్పీక్ గొంతు తెలుగునూ చదువుతుంది.

చిక్కల్లా రెండు శబ్దాలు ఒకేసారి వచ్చినప్పుడే. బ్యాంకు ఖాతా సంఖ్య చదువుతుండగా గంట మోగినా, పాట మొదలైనా ఒక అంకె చెవిన పడకుండా పోతుంది. చూపున్నవారైతే మరోసారి తెరవైపు చూస్తారు. వినేవారు మొదటినుంచి చదివించుకోవాల్సిందే. అందుకే చదవడం పూర్తయ్యేవరకు మిగతా ప్రోగ్రాములు ఆగాలి. పూర్తయిందీ లేనిదీ చిన్న స్క్రిప్టుతో తెలుసుకోవచ్చు.

స్క్రిప్టు తానే చదివిస్తుంటే పని సులువు. విండోస్‌లో మాటలు పలికించే ఏర్పాటును సాపీ అంటారు. పవర్‌షెల్ నుంచి దీనిని పిలిచి 'స్పీక్' ఆదేశం ఇస్తే, చదవడం ముగిసేదాకా స్క్రిప్టు కదలదు. ఆదేశంతోపాటు 1 అనే సంకేతం ఇస్తే చదువు ఒకవైపు, స్క్రిప్టు మరోవైపు సాగుతాయి. అప్పుడు 'రన్నింగ్ స్టేట్' విలువ చూడాలి. 2 ఉంటే చదువుతున్నట్టు, 1 ఉంటే ముగించినట్టు. ఆదేశమిచ్చిన మరుక్షణమే చూస్తే గొంతు ఇంకా మొదలై ఉండకపోవచ్చు. 'వెయిట్ అంటిల్ డన్' వాడితే ఈ తంటా ఉండదు. పాత పుస్తకాల్లో ఇవన్నీ వీబీస్క్రిప్టులో కనిపిస్తాయి. దానిని క్రమంగా తొలగిస్తామని మైక్రోసాఫ్ట్ 2023లోనే ప్రకటించినందున కొత్తవారు పవర్‌షెల్ నేర్వడమే మేలు.

బ్రౌజరులో 'స్పీచ్ సింథసిస్' కింద 'స్పీకింగ్' అనే గుర్తు ఉంటుంది. అయితే చదువును మధ్యలో నిలిపి ఉంచినా అది అవుననే చెబుతుంది. 'పాజ్డ్' గుర్తునూ కలిపి చూసుకోవాలి.

అసలు కష్టం వేరే ప్రోగ్రాము చదువుతున్నప్పుడు ఎదురవుతుంది. సాపీ గుర్తు మన స్క్రిప్టు తెరిచిన గొంతు సంగతే చెబుతుంది. పక్కనే ఎన్‌వీడీఏ గడగడా చదువుతున్నా దానికి పట్టదు. ఇక్కడ మాటను కాక ధ్వనిని గమనించాలి. విస్టా నుంచి విండోస్ ప్రతి ప్రోగ్రాము శబ్దాన్ని విడిగా లెక్కిస్తోంది. ఆ క్షణాన ఎంత ధ్వని వెలువడుతోందో 0 నుంచి 1 లోపు అంకెగా చెబుతుంది. పైథాన్ తెలిసినవారు పైకా అనే లైబ్రరీతో ఎన్‌వీడీఏ అంకెను మాత్రమే విడదీసి చూడవచ్చు.

సున్నా కనబడగానే ముగిసిందనుకోరాదు. వాక్యానికీ వాక్యానికీ నడుమ గొంతు ఊపిరి పీల్చినట్టు ఆగుతుంది. సెకనులో పదిసార్లు చూస్తూ, వరుసగా అర సెకనో, ముప్పావు సెకనో సున్నాయే వస్తే అప్పుడు గంట మోగించాలి. చదివే వేగాన్నిబట్టి ఈ గడువును సరిచేసుకోవాలి. ఎన్‌వీడీఏ చేసే బీప్ శబ్దాలనూ ఈ పద్ధతి చదువుగానే లెక్కగడుతుంది. అంధులకు అది నష్టమేమీ కాదు, బీప్ కూడా వారు వినవలసినదే.

చదివేటప్పుడు పాట ధ్వని తగ్గితే చాలనుకునేవారికి స్క్రిప్టుతో పనిలేదు. 2016 నుంచి ఎన్‌వీడీఏలోనే ఆ సదుపాయం ఉంది. ఎన్‌వీడీఏను ఇన్‌స్టాల్ చేసుకున్నవారికి పనిచేస్తుంది.