తవ్వకుండా దొరికే నిధి

ఉదయగిరి దుర్గం చుట్టుపక్కల పుట్టినవాళ్లకు గుప్తనిధుల కబుర్లు ఉగ్గుపాలతోనే అందుతాయి. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల చేతిలోంచి ఆ కోటను పట్టుకున్నారు గదా, ఆ గొడవల్లో ఎవరో బిందెల కొద్దీ బంగారం ఏ బండ కిందో దాచిపోయారని ఒకరంటారు. కాదు, కోనేటి అడుగున ఉందని ఇంకొకరు. ఆ మాటలు నమ్మి గునపాలు పట్టుకొని రాత్రిపూట కొండలెక్కేవాళ్లు, పాడుబడ్డ గుళ్లలో నందిని పెకలించేవాళ్లు ఈనాటికీ ఉన్నారు. పేపర్లో ఆ వార్త కనపడినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. నిధి వెతకాలన్న కోరికలో తప్పేం లేదు పిల్లకాయలూ. అది అందరికీ ఉండేదే, నాకూ ఉంది. దాన్ని గునపం లేకుండా తీర్చుకునే ఆట ఒకటుంది. ఇట్టా అరుగు మీదికి జరగండి, చెప్తాను.

దాన్ని జియోకాషింగ్ అంటారు. ఒకరు ఒక పెట్టెను ఎక్కడో దాస్తారు. ఆ చోటు అక్షాంశం, రేఖాంశం అంకెల్లో రాసుకొని, ఆ ఆట కోసమే ఉన్న ఇంటర్నెట్ పట్టికలో పెడతారు. ఎక్కడెక్కడి వాళ్లో ఆ అంకెలు పట్టుకొని వెతుక్కుంటూ వస్తారు. పెట్టె దొరికితే లోపలున్న చిన్న పుస్తకంలో పేరు, తారీఖు రాసి, మళ్లీ ఎట్టా ఉన్నదాన్ని అట్టాగే దాచిపెట్టి ఇంటికొస్తారు. అంతే ఆట. ప్రపంచం మొత్తం మీద ఇట్టాంటి పెట్టెలు 30 లక్షలకు పైనే ఉన్నాయి.

"దాంట్లో బంగారం ఉంటుందా తాతా?" అని అడుగుతారని నాకు తెలుసు. ఉండదమ్మణ్ణీ. గోలీలు, తాళంచెవి గొలుసులు, పక్క దేశం నాణేలు, చిన్న బొమ్మలు ఉంటాయి. నచ్చింది ఒకటి తీసుకోవచ్చు. అయితే దాని బదులు అంతకు తగ్గనిది మరొకటి పెట్టాలి. మీరు వెళ్తే ఉదయగిరి కొయ్య చెంచా ఒకటి పెట్టి రండి. మన కొండకర్రతో చెక్కిన ఆ నునుపు చూసి, తీసుకున్నవాడు ఏ దేశంవాడైనా మురిసిపోతాడు.

ఈ ఆట పుట్టిన రోజు కూడా రాసిపెట్టినట్టు తెలుసు. ఆ అంకెలున్న చోటికి దారి చూపేవి జీపీఎస్ ఉపగ్రహాలు, అవి అమెరికా సైన్యానివి. అవి పంపే సంకేతాల్లో మామూలు జనానికి అందే భాగాన్ని వాళ్లు కావాలనే కాస్త చెడగొట్టి పంపేవాళ్లు. అప్పుడు చేతిలో పరికరం ఉన్నా చోటు వంద మీటర్ల దాకా అటూ ఇటూ చూపించేది. వంద మీటర్ల తేడాతో పొదలో డబ్బా వెతకడం ఎవరి తరం? 2000 మే 2న అప్పటి అధ్యక్షుడు క్లింటన్ మాట మీద ఆ చెడగొట్టడం ఆపేశారు. ఒక్క రాత్రిలో లోకంలోని పరికరాలన్నీ చురుకైపోయాయి. మర్నాడే, మే 3న, ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ అనే ఆయన పోర్ట్‌లాండ్ నగరం పక్కనున్న అడవి దారిలో ఒక నల్ల బకెట్ దాచాడు. అందులో పుస్తకాలు, కాస్త డబ్బు, ఒక ఉండేలు, ఒక చిక్కుడుగింజల డబ్బా పెట్టి, అంకెలు ఇంటర్నెట్‌లో రాశాడు. కొద్ది రోజుల్లోనే మైక్ టీగ్ అనే ఆయన పోయి దాన్ని పట్టుకున్నాడు. ఆ మే నెల పోకముందే ఆటకు ఈ పేరు వచ్చింది, సెప్టెంబరులో జెరెమీ ఐరిష్ దీనికోసం వెబ్‌సైట్ తెరిచాడు. ఆ మొదటి బకెట్ సగం మట్టిలో పూడ్చి ఉండేది. తర్వాత పెద్దలు కూచొని, పూడ్చకూడదు, తవ్వకూడదు అని నియమం పెట్టారు. నాకు ఈ ఆటలో అన్నిటికంటే నచ్చింది ఆ నియమమే.

ఇప్పుడు ఆ అంకెల సంగతి చూద్దాం. మన పెద్దలు చోటు చెప్పాలంటే "కలుజు దాటి, తూము పక్కన తాటిచెట్టు కాడ" అనేవాళ్లు. చెట్టు గాలివానకు పడిపోయిందనుకోండి, చోటు కూడా పోయినట్టే. అంకెలకు ఆ బాధ లేదు. భూమధ్యరేఖ నుంచి ఉత్తరంగా ఎంత వచ్చామో అక్షాంశం చెబుతుంది, ఇంగ్లాండులోని గ్రీనిచ్ నుంచి తూర్పుగా ఎంత వచ్చామో రేఖాంశం చెబుతుంది. మన అనంతసాగరం ఉత్తరంగా 14 డిగ్రీల చిల్లర, తూర్పుగా 79 డిగ్రీల చిల్లర. ఉత్తరం వైపు ఒక డిగ్రీ అంటే దాదాపు 111 కిలోమీటర్లు. డిగ్రీని 60 భాగాలు చేస్తే ఒక్కోటి నిమిషం, అంటే 1,852 మీటర్లు. ఆటవాళ్లు ఆ నిమిషాన్ని మళ్లీ వెయ్యి భాగాలు చేసి రాస్తారు. అందులో ఒక భాగం రెండు మీటర్ల లోపే. మన చెరువుకట్ట ఎంత పొడుగో మీకు తెలుసు గదా. ఆ కట్ట మీద ఏ రాయి పక్కన నిలబడ్డారో చెప్పడానికి ఈ అంకెలు చాలు.

మరి చేతిలోని పరికరానికి ఆ అంకెలు ఎట్టా తెలుస్తాయి? బర్రెను గుంజకు కట్టి మేత మీద వదిలారనుకోండి. పలుపు బిగిసేదాకా పోయిందంటే అది ఆ గుంజ చుట్టూ గీసిన గుండ్రం మీద ఎక్కడో ఉంటుంది. ఎక్కడనేది తెలియదు. రెండో గుంజ నుంచి కూడా ఒక పలుపు కట్టి రెండూ బిగిశాయంటే, అది ఉండగలిగినవి రెండే చోట్లు. మూడో గుంజ వచ్చిందా, ఒక్కటే చోటు. ఇప్పుడు గుంజలను భూమి నుంచి 20,200 కిలోమీటర్ల ఎత్తుకు లేపండి. అవే ఉపగ్రహాలు. పలుపు బదులు రేడియో సంకేతం. "నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు టైం ఇంత" అని ఉపగ్రహం ఎడతెగకుండా చెబుతూ ఉంటుంది. ఆ మాట సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో వచ్చినా, మన దాకా చేరడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. ఎంత ఆలస్యమైందో లెక్కగడితే పలుపు పొడుగు తెలిసిపోతుంది. నాలుగో గుంజ కూడా కావాలి. ఎందుకంటే ఉపగ్రహంలో ఉన్నది అణుగడియారం, మీ చేతిలోది మామూలు గడియారం. మీ గడియారం ఎంత తప్పుతోందో ఆ నాలుగోది సరిచేస్తుంది.

గడియారంలో సెకనులో పది లక్షల వంతు తేడా వస్తే చోటు 300 మీటర్లు తప్పిపోతుంది. ఇక్కడ ఐన్‌స్టీన్ గారిని తలుచుకోకుండా ఉండలేను. వేగంగా తిరిగే గడియారం నెమ్మదిస్తుందని, భూమి ఆకర్షణ తక్కువున్న చోట గడియారం వడిగా నడుస్తుందని ఆయన కాగితం మీద లెక్కగట్టి చెప్పాడు. ఆ రెండూ కలిపి చూస్తే ఉపగ్రహాల గడియారాలు మన గడియారాల కంటే రోజుకు సెకనులో పది లక్షల వంతులు 38 ముందుకు పోతాయి. దాన్ని దిద్దకపోతే తప్పు రోజుకు 11 కిలోమీటర్ల చొప్పున పెరిగి, అనంతసాగరంలో వెతకాల్సిన పెట్టె ఆత్మకూరు దారి పట్టేస్తుంది. వందేళ్ల కిందటి ఆలోచన ఇప్పుడు మీ అమ్మ చేతిలోని ఫోనులో పనిచేస్తోంది. ఈ సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అమెరికా వాళ్ల గుంజలే దిక్కు అనుకోకండి. మనకూ ఉన్నాయి, అవి పైకి పోయింది మన తీరం నుంచే. 2022 దాకా మన జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి 2013 జూలై 1న మొదటిది లేచింది. 2016 ఏప్రిల్‌కు మొత్తం ఏడు పైకి చేరాయి. ఆ వరసకు నావిక్ అని పేరు పెట్టారు. ఇవి జీపీఎస్ మాదిరి లోకమంతా తిరగవు. 36 వేల కిలోమీటర్ల ఎత్తున, ఎప్పుడూ మన దేశానికి కనపడేటట్టే ఉంటాయి. కష్టాలూ పడ్డారు. మొదటి ఉపగ్రహంలో గడియారాలు చెడిపోయాయి. దాని బదులు 2017లో పంపినది రాకెట్ తొడుగు విడిపోక లోపలే చిక్కుకుపోయింది. 2018లో ఇంకోటి పంపారు. 2023 మే నెలలో పంపిన ఎన్‌వీఎస్-01లో మన దేశంలోనే చేసిన రుబీడియం అణుగడియారం ఉంది. ఆకాశం తేటగా ఉన్న రాత్రి ప్రయోగం ఉందని తెలిస్తే మిద్దె ఎక్కి ఆగ్నేయం మూలకు చూడండి, రాకెట్ వెలుగు కనపడుతుంది.

ఇక సామాను. ఫోను ఉంటే మొదలుపెట్టవచ్చు, వేరే కొననక్కర్లేదు. కొండల్లో టవర్ అందదు గనక మ్యాపు ఇంట్లోనే దించుకొని పోవాలి. ఉపగ్రహం మాట వినడానికి మాత్రం టవర్ అక్కర్లేదు. ఫోను ఊరికే వింటుంది, బదులు చెప్పదు. ఈ ఆట పిచ్చి పట్టినవాళ్లు గార్మిన్ ఈట్రెక్స్ లాంటి అరచేతి పరికరం కొంటారు. రెండు పెన్సిల్ సెల్లు వేస్తే పగలంతా పనిచేస్తుంది, కింద పడినా వానకు తడిసినా తట్టుకుంటుంది. పెట్టెకు మూత దగ్గర రబ్బరు ఉండి, నాలుగు వైపులా నొక్కుడు పట్టీలున్న టిఫిన్ డబ్బా చాలు. పరాయి దేశాల్లో సైన్యం పారేసిన తూటాల పెట్టెలు వాడతారు, పాత ఫిల్ము డబ్బీలు వాడతారు. వేలిగోరంత డబ్బీకి అయస్కాంతం అంటించి ఇనప కంచెకు తగిలించే గడుసువాళ్లూ ఉన్నారు. అందులో చుట్టిన కాగితం బయటికి లాగాలంటే పట్టకారు కావాలి. పెన్ను కంటే పెన్సిలే నయం, తడికి చెరగదు. పెట్టెలో తినే వస్తువు ఏదీ పెట్టకూడదు. చీమలు, పందికొక్కులు, కోతులు మీకంటే ముందే కనిపెడతాయి. టోపీ, నీళ్లసీసా, టార్చిలైటు సరే, ఒక కర్ర మాత్రం మరువకండి. రాళ్ల సందులో చెయ్యి పెట్టేముందు కర్రతో కదిలించి చూడాలి. మన మెట్టనేలల్లో తేళ్లూ, రక్తపింజరలూ చల్లదనం కోసం ఆ సందుల్లోనే చేరతాయి.

ఆ పెట్టెల్లో కొన్నిసార్లు నంబరు చెక్కిన చిన్న రేకుబిళ్ల ఉంటుంది. దొరికినవాడు దాన్ని ఇంకో పెట్టెకు చేరుస్తాడు. అట్టా చేతులు మారి ఖండాలు దాటిపోతుంది. ఇట్టాంటి నంబరున్న బిళ్ల ఒకటి 2021 ఫిబ్రవరిలో పర్సెవరెన్స్ అనే రోవర్ బండితోపాటు అంగారకుడి మీద దిగింది!

మన ఊళ్లలో భూముల రీసర్వే చేస్తూ, కర్రకు తగిలించిన గుండ్రటి పరికరంతో గట్ల వెంట తిరిగారే, ఆ పరికరానిది కూడా ఈ ఉపగ్రహాల విద్యే. అది సెంటీమీటర్ల లెక్కన చెబుతుంది. కారణం ఏందంటే, ముందే చోటు ఖాయంగా తెలిసిన స్టేషన్ ఒకటి నిలబడి, గాలిపొరల్లో సంకేతం ఎంత తప్పుతోందో దానికి ఎప్పటికప్పుడు అందిస్తుంది. మన ఫోనుకు ఆ సాయం లేదు. మూడు నుంచి ఐదు మీటర్ల దాకా తీసుకొచ్చి ఆగిపోతుంది. చింతతోపులోనో, కొండచరియ పక్కనో అయితే సంకేతం ఆకులకు అడ్డుపడి, బండలకు తగిలి తిరిగొచ్చి, ఇంకాస్త తడబడుతుంది.

ఆటలోని అసలు రుచి అక్కడే మొదలవుతుంది. వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగేవన్నీ కలిసి మిమ్మల్ని నాలుగడుగుల దూరంలో వదిలేస్తాయి. ఆ నాలుగడుగులూ మీవే. ఫోను జేబులో పెట్టేసి, "నేనే దాచేవాడినైతే ఎక్కడ దాస్తాను?" అనుకొని చుట్టూ చూడాలి. చిన్నరాళ్ల కుప్ప ఏదైనా మనిషి పేర్చినట్టుందా? ఆ తొర్ర మొదట్లో ఎండాకులు మరీ ఒద్దికగా ఉన్నాయా? ఏళ్లుగా నడిచిన దారిలోనే, అంతకుముందు చూడని పుట్ట, పిట్టగూడు, రాతి మీద పాత చెక్కడం కళ్లబడతాయి. పెట్టె దొరక్కపోయినా ఆ చూపు దొరుకుతుంది.

ఒక్క సంగతి గట్టిగా చెప్తున్నా. బస్టాండు, రైల్వేస్టేషన్, ఆనకట్ట, గుడి, కోటగోడ, ఈ చోట్ల పెట్టె దాచకూడదు. దిక్కులేని డబ్బా కనపడితే జనం బాంబు అనుకుంటారు, పోలీసులు పరిగెత్తుకొస్తారు, అది వాళ్ల తప్పు కాదు. పొలంలో అయితే రైతును అడిగి పెట్టండి, డబ్బా మీద ఇది ఆట పెట్టె అని తెలుగులో రాయండి.

ఆనకట్ట ఉన్న సోమశిల లాంటి చోటికి ఈ ఆటలోనే ఇంకో పద్ధతుంది, దాన్ని ఎర్త్‌కాష్ అంటారు. అక్కడ పెట్టే ఉండదు. భూమి ఏదో ఒక వింత చూపించే చోటికి అంకెలిస్తారు, అక్కడికి పోయినవాళ్లు రాళ్లను చూసి ప్రశ్నలకు జవాబులు పట్టుకురావాలి. కడప వైపు నుంచి వచ్చిన పెన్న వెలిగొండలను చీల్చుకొని సోమశిల కాడే బయటికొస్తుంది. అక్కడ పెట్టదగిన ప్రశ్నలు ఎన్నని! ఆ కొండరాళ్లలో పొరలు ఏ వైపుకు వాలి ఉన్నాయి? వాటిలో మెరిసే రేణువులు ఏంది? ఎప్పటిదో సముద్రపు ఇసుక గట్టిపడి క్వార్ట్‌జైట్ రాయి ఎట్టా అయింది? ఈ ఆదివారం పెద్దవాళ్లను వెంటబెట్టుకొని పోయి, పొరల వాలు చూసి, నోటుబుక్కులో బొమ్మ గీసుకొని రండి. అంకెలు ఎట్టా రాయాలో నేను పక్కన కూచొని చూపిస్తాను.