నీళ్ల మీద నాలుగున్నర లక్షల ప్యానెళ్లు

సోలార్ అనగానే చాలామందికి రెండే గుర్తొస్తాయి. ఇంటి డాబా మీద నాలుగు ప్యానెళ్లు, లేదంటే ఓర్వకల్లు దగ్గరి 1,000 మెగావాట్ల పార్కు. ఈ రెండింటి మధ్య సైజు ప్లాంట్ల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నాకు తెలిసింది రామగుండంలోని 100 మెగావాట్ల ఫ్లోటింగ్ సోలార్. మాది గోదావరిఖని, కాస్త అభిమానం కూడా ఉందనుకోండి.

ఎన్టీపీసీ రిజర్వాయర్‌లో 500 ఎకరాల నీటి మీద తేలుతుందిది. 2022 జూలై 1 నుంచి పూర్తి స్థాయిలో నడుస్తోంది. మొత్తం 40 బ్లాకులు, ఒక్కోటి 2.5 మెగావాట్లు. ఒక్కో బ్లాకుకు 11,200 ప్యానెళ్లు, గుణిస్తే 4,48,000. ఇన్వర్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు కూడా నీళ్ల మీదే, ఫెర్రోసిమెంట్ తెప్పల మీద కూర్చున్నాయి. గాలికి కొట్టుకుపోకుండా అన్నింటినీ అడుగున వేసిన కాంక్రీటు దిమ్మలకు తాళ్లతో కట్టేశారు. కరెంటు 33 కేవీ కేబుళ్లలో వెళ్లి, థర్మల్ ప్లాంటు స్విచ్‌యార్డులోనే కలుస్తుంది.

నీళ్ల మీదే ఎందుకు? నేల మీదైతే దాదాపు ఇంతే భూమి కావాలి, అది ఎవరి పొలమో అవుతుంది. రెండోది వేడి. ఎండ ఎంత మండితే అంత కరెంటు అనుకుంటాం కానీ ప్యానెల్‌కు వెలుగు కావాలి, వేడి కాదు. దాని రేటింగ్ 25 డిగ్రీల సెల్ ఉష్ణోగ్రత దగ్గర ఇస్తారు. ఆపైన ఒక్కో డిగ్రీకి సుమారు 0.4 శాతం పవర్ పడిపోతుంది. మా ఊరి మే నెలలో సెల్ 60 డిగ్రీలు దాటితే 14 శాతం పోయినట్టే! కింద నీళ్లుంటే ఆ నష్టం కొంత తగ్గుతుంది. పైగా నీడ వల్ల ఏడాదికి 32.5 లక్షల ఘనపు మీటర్ల నీరు ఆవిరి కాకుండా మిగులుతుందని అధికారిక అంచనా. మన భాషలో చెప్పాలంటే టీఎంసీలో తొమ్మిదో వంతు.

మా నాన్న సింగరేణి కార్మికుడు. ఆయన అడిగింది ఒక్కటే: "గిది వచ్చినంక బొగ్గు బందైతదా?"

లెక్క వేశాను. ఈ ప్లాంటు ఏడాదికి 1,65,000 టన్నుల బొగ్గు మిగులుస్తుందని అంచనా. పక్కనే ఉన్న పాత థర్మల్ యూనిట్లు 2,600 మెగావాట్లు. యూనిట్‌కు 700 గ్రాముల బొగ్గు అనుకుంటే, ఫుల్ లోడ్‌లో రోజుకు దాదాపు 44 వేల టన్నులు మండుతుంది. అంటే సోలార్ ఏడాది కష్టం, బొగ్గుకు నాలుగు రోజులు కూడా లేదు. మెగావాట్లు చూస్తే 26లో ఒక వంతు, యూనిట్లు చూస్తే దాదాపు వందలో ఒక వంతు. రాత్రి, ఉదయం, మబ్బు అన్నీ తీసేస్తే సోలార్ సామర్థ్యంలో మనకు దక్కేది సుమారు నాలుగో వంతే మరి. కొత్త ప్లాంటు వార్త చదివినప్పుడల్లా మెగావాట్లు చూసి ఆగిపోకండి, యూనిట్లు అడగండి.

"నాలుగు దినాలేనా!" అని నాన్న నవ్వాడు. నాకు మాత్రం అది చిన్నగా అనిపించలేదు. బోరు మోటార్లు తిరిగే మధ్యాహ్నాల్లోనే ఈ కరెంటు వస్తుంది, ఆ వేళ థర్మల్ యూనిట్లు లోడ్ తగ్గించుకోవచ్చు. ఇలాంటివి పెరిగేకొద్దీ చిక్కు సాయంత్రం దగ్గరే వస్తుంది. పొద్దుగూకగానే సోలార్ సున్నా, ఇళ్లల్లో లైట్లు, టీవీలు అన్నీ ఆన్. అప్పుడు అదే బాయిలర్లు గబగబా పైకి లేవాలి. వాటిని అలా రోజూ దించి లేపితే పైపులు, టర్బైన్లు త్వరగా అరుగుతాయి. బ్యాటరీలో, పంప్డ్ స్టోరేజో రానంతవరకు మా నాన్న బొగ్గుకు సాయంత్రం షిఫ్టు ఖాయం.